ఉప్పునీళ్ల మేడం, తొమ్మిదో రోజు

నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. అయినా కాలేజీ ప్రయోగశాలలో ముప్పై నాలుగేళ్లు అటెండరుగా చేశాను. ఒక్క గాజుపాత్ర పగలగొట్టలేదు. త్రాసు మొండికేస్తే ప్రిన్సిపాలుగారే నాకు కబురు పెట్టేవారు. నా చేతిరాత చూసి కొత్త లెక్చరర్లు సిగ్గుపడేవారు. ఇవన్నీ నిజాలే. ఇప్పుడు చెప్పేదీ నిజమే.

మా కాలేజీ ఫిజిక్సు లెక్చరరు ఒకావిడని అందరూ ఉప్పునీళ్ల మేడం అనేవారు. ఉప్పునీళ్లలోకి శబ్దం పంపితే అందులో పారే కరెంటు ఎంత మారుతుందో కొలిచేది. శబ్దం వెళుతుంటే నీళ్లు నొక్కుకుపోయి మళ్లీ వదులవుతాయట, కరెంటూ దాంతోపాటే వెంట్రుకవాసి పెరిగి తగ్గుతుందట. ఆవిడ డాక్టరేటు దీనిమీదే.

"నీళ్లకి పాటలు వినిపిస్తే మనకేంటమ్మా లాభం?" అనేవాణ్ణి.

"నువ్వు రోజంతా కూనిరాగాలు తీస్తుంటే నేను భరించట్లేదా అన్నా?" అని నవ్వేది.

చిక్కల్లా వేడితోనే. నీళ్లు వేడెక్కినా కరెంటు పెరుగుతుంది. అందుకని పాత్ర చుట్టూ మంచుముక్కలు వేసి, థర్మామీటరు చూసి పుస్తకంలో రాయడం నా పని. తొమ్మిదో రోజు మంచు మరిచాను. థర్మామీటరూ చూడలేదు. రోజూ రాసే అంకే రాసేశాను.

ఆ రోజు మీటరు ముల్లు ఎగిరింది. మేడం సంబరపడింది. పన్నెండు రోజుల లెక్కలు పట్టుకుని యూనివర్సిటీకి వెళితే, పరీక్షకులు మా ప్రయోగశాలకే వచ్చి ఎదురుగా చేసి చూపించమన్నారు. ముల్లు తొమ్మిదో రోజంత లేవలేదు. "వేడి సరిగ్గా చూసినట్టు లేదు. ఒక్క రోజు లెక్క కూడా నమ్మలేం" అన్నారు.

ఆవిడ నావైపు తిరిగింది. "అన్నా, రోజూ మంచు వేశావు కదూ?"

"ఇన్నేళ్ల చేయమ్మా ఇది, తప్పుతుందా?" అన్నాను.

నమ్మింది. డాక్టరేటు పోయింది, ఉద్యోగమూ వదిలేసింది.

అప్పట్నుంచీ నీళ్లలోకి శబ్దం పంపే ఆ యంత్రం రొద నా చెవుల్ని వదల్లేదు. మంచినీళ్ల గ్లాసు ముందు పెడితే నీళ్లు వణుకుతున్నట్టే ఉంటాయి. "తాగమని ఇచ్చాను, కాపలా కాయమని కాదు" అంటుంది మా ఆవిడ.

మొన్న అడ్రసు కనుక్కుని వెళ్లాను. మేడం జుట్టంతా నెరిసిపోయింది. గుమ్మంలో నిలబడే అంతా చెప్పేశాను.

"ఆ ఒక్కరోజు కొట్టేస్తే మిగతా పదకొండూ నిలిచేవి కదన్నా."

"నిలిచేవమ్మా."

లోపల్నుంచి కాగితం, కలం తెచ్చింది. "ఇప్పుడు చెప్పిందే రాయి."

రాశాను. సంతకం కింద తేదీ వేయబోతే ఆపింది.

"ఇవాళ్టిది కాదు. మంచు వేయని రోజుది."

ఇన్నేళ్లయినా తడుముకోకుండా వేశాను.