మీర్‌పేట్ మెట్లెక్కిన మా ఓనరమ్మ

పోయిన మంగళవారం పదకొండింటికి మా ఓనరమ్మ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే ఎవరో మగగొంతు. "ఈ ఫోను గలావిడ మీకేమవుతారండీ? మీర్‌పేట్‌లో మా మెట్ల మీద కూర్చుని మంచినీళ్లు అడిగారు. తెచ్చేలోపే ఒరిగిపోయారు."

నాకర్థం కాలేదు. పొద్దున ఎనిమిదింటికే కదా, దిల్‌సుఖ్‌నగర్‌లో మా గేటు ముందు ఆటో ఎక్కుతూ, "మిద్దె మీది రూము కోసం ఒకామె అడిగింది. ఆమె సంగతి కనుక్కొని ఒస్తా. నల్లా ఒస్తే జర మోటారెయ్యి" అన్నది! నేను మోటారు వేశాను, ఆపాను కూడా.

దవాఖానకు పోయేసరికి అంతా అయిపోయింది. మోకాళ్ల నొప్పి తప్ప ఆమెకు ఏ జబ్బూ లేదు. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

ఆమెను మీరెరగరు. నేను ఆమెకు కిరాయిదారును, అంతే. ఆరేళ్ల కింద నాకెవరూ ఇల్లివ్వలేదు. మా నాయన వాచ్‌మన్. ఎల్‌బీ నగర్ చుట్టుపక్కల కడుతున్న అపార్ట్‌మెంట్లలోనే పెరిగాను. ఒకటి పూర్తయితే ఇంకోదానికి పోయేవాళ్లం. నర్సు ఉద్యోగం వచ్చాక ఇల్లు వెతికితే అందరిదీ ఒకటే మాట: "ఇంతకుముందు ఎక్కడున్నరు? ఆ ఓనర్ నంబరియ్యి."

ఓనరమ్మ కూడా అదే అడిగింది. "కిరాయింట్ల ఎన్నడూ లేనమ్మా. పూర్తిగాని ఇండ్లల్లనే ఉన్నం" అన్నాను. ఆమె చెప్పులేసుకుని, "నడువు, అవి సూపియ్యి" అన్నది. మూడు అపార్ట్‌మెంట్లు తిరిగాం. నన్ను గేటు దగ్గర నిలబెట్టి, ఇస్త్రీ ఆయనను, కింది ఫ్లాటు ముసలామెను అడిగొచ్చింది. నాకు ఒళ్లు మండింది.

"నా మీద నమ్మకం లేదా?" అన్నాను, ఆటోలో.

"లేదు. నువ్వెవరో నాకేం తెలుసు? తెలుసుకుంటున్న. ఓనర్ నంబరు లేకుంటే ఏంది, నిన్ను సూసినోళ్లు ఉండరా?"

మర్నాడే సామాను తెచ్చుకోమన్నది.

అందరికీ ఇచ్చేది కాదు. ఒక ఉద్యోగస్తుడు అన్ని కాగితాలూ పట్టుకొస్తే, అతని పాత ఇంటి పక్కవాళ్లను అడిగొచ్చి, "పెండ్లాన్ని కొడ్తడంట. ఆమె ఒక్కతే ఒస్తే ఇస్తా" అని తలుపేసింది.

ఈసారి అడిగినామెకు యాభై ఏళ్లుంటాయి. ముసలివాళ్లకు సేవ చేస్తూ ఇన్నాళ్లూ వాళ్ల ఇళ్లలోనే బతికింది. చివరగా చూసుకున్న మీర్‌పేట్ పెద్దాయన పోయాక ఉండటానికి చోటు లేదు. ఆమె సంగతి అడగడానికే ఓనరమ్మ ఆ మెట్లెక్కింది.

ఐదోరోజు ఆ రూము అడిగినామె మా ఇంటికొచ్చి, "నా వల్లనే పోయింది" అని గేటు పట్టుకుని ఏడ్చింది. ఇప్పుడు ఇల్లు చూసుకుంటున్న ఓనరమ్మ బిడ్డ, "అమ్మ ఏమనుకున్నదో నాకు తెల్వదక్కా. ఇప్పుడేం చెప్పలేను" అని లోపలికి పోయింది.

నేను మీర్‌పేట్ వెళ్లాను. నాకు ఫోన్ చేసినాయన భార్యే ఆ పెద్దాయన పక్కింటావిడ. ఆవిడ చెప్పింది: "'పెద్దమనిషికి బువ్వ ఎట్ల పెట్టేది?' అని ఒక్కటే అడిగారండీ. ఊదుకుంటూ, కబుర్లు చెబుతూ తినిపించేది అన్నాను. 'ఇగ చాలు' అని నవ్వి లేచారు. నాలుగు మెట్లు దిగి కూర్చుండిపోయారు."

ఆ మాటే వచ్చి ఓనరమ్మ బిడ్డకు చెప్పాను. ఆమె లోపలికి పోయి మీది రూము తాళంచెవి తెచ్చింది.

నిన్న పొద్దున రూము అడిగినామె ఒక్క సంచితో వచ్చింది. తాళంచెవి చేతిలో పెడితే, "గిది నా దగ్గర్నే ఉంటదా?" అని అడిగింది. ఉంటుందన్నాను. డ్యూటీకి దిగుతూ వెనక్కి చూశాను. తలుపు వేసి, తాళం పెట్టి, కాసేపు నిలబడింది. మళ్లీ తీసింది. మళ్లీ వేసింది.