రెండుసార్లు దాటానన్న కొండ

ఫిజీ దీవుల్లో, వాయిలేవు చెరకు తోట కూలి లైన్లలో నా పక్క గదివాడు నాతోపాటే ఓడ దిగినవాడు. సముద్రపు ఒడ్డున వలలు లాగిన మనిషి, కొండ ఎక్కి ఎరగడు. అతని చెల్లెల్ని గిరిమిట్ కింద, అంటే ఐదేళ్ళ కూలి ఒప్పందం మీద, కొండ అవతల కొబ్బరి తోటకు పంపారు. ఆమెకు జబ్బు చేసి మంచాన పడిందని కబురొచ్చింది. పని చూసే దొర, మా నోట కులంబర్, వెళ్ళడానికి చీటీ ఇవ్వలేదు. చీటీ లేకుండా బాటన పోతే పట్టుకుంటారు. అడవిలో పడి కొండ దాటాలి. తోడు రమ్మని నన్నడిగాడు.

నేను మన్యంవాణ్ణి. చెరకు కోతలో నా వంతు పూర్తి కాక రోజూ తిట్లు తినేవాణ్ణి. మిగిలింది అతనే కోసిపెట్టేవాడు. అలాంటిది, కొండ మాట వచ్చేసరికి నాకు కొమ్ములు మొలిచాయి. కత్తి మొనతో నేల మీద కొండనూ వాగునూ గీశాను. రొట్టెలెన్నో, ఉప్పెంతో, అగ్గిపెట్టె తడవకుండా ఎలా చుట్టాలో చెప్పాను. అతని మూట విప్పి సగం తీసేయించాను. అక్కడివాళ్ళు నూరి తాగే యంగోనా వేరు కట్ట కానుకగా పట్టుకెళ్ళి కొండ కింది ఫిజీ పల్లె పెద్ద ముందు పెడితే దారి తెలిసిన మనిషిని తోడిస్తారట, అడుగుదామా అన్నాడు. నవ్వేశాను.

"అయితే నువ్వెన్నిమార్లు దాటినావన్నా?"

"రెండుమార్లు."

పచ్చి అబద్ధం. కట్టెల కోసం సగం కొండ ఎక్కి దిగడం తప్ప నేనెరిగింది లేదు. పైగా, విడిపోతే వాగు పట్టుకుని దిగు, ఊరు చేరతావు అని కూడా చెప్పాను. మా మన్యంలో వాగులు అలాగే చేరుస్తాయి.

శిఖరం దాటగానే మంచు కమ్మి విడిపోయాం. అతను నా మాట ప్రకారం వాగు వెంట దిగాడు. ఆ వాగు నిలువు బండ మీంచి దూకుతుంది. తుంటి విరిగి కింద పడి ఉన్నవాణ్ణి మర్నాటికి కనుక్కున్నాను. వీపున మోసుకుని వెనక్కి తెచ్చాను. ఆ నెలలోనే చెల్లెలు పోయింది. అన్నను చూడకుండానే పోయింది.

కులంబర్ అడిగితే, తనొక్కడే వెళ్ళాడనీ, నేను తనను వెతకడానికొచ్చాననీ చెప్పి శిక్ష అతనొక్కడే అనుభవించాడు. గిరిమిట్ తీరాక కూడా, కుంటికాలు గురించి ఎవరడిగినా ఒకటే మాట.

"అన్నకి కొండ తెలుసు. నేనే సెప్పినట్టు ఇనలేదు."

విన్నాడు. వినబట్టే పడ్డాడు. అతను ఆ మాట అన్న ప్రతిసారీ నేను పక్కనే కూర్చుని ఉన్నాను. సిగ్గు లేకుండా, కాదని ఒక్కసారీ అనలేదు.