స్కీ కర్ర మీది కాగితంపూలు

మా మెట్లదారిలో ఆర్వోకి భయపడని మనిషి లేడు. రైల్వే షెడ్డులో మెకానిక్‌గా చేసి రిటైరైన ఒంటరివాడు. అక్టోబరు రాగానే, చలికాలమంతా మంచులో మునిగే కయాని ఊళ్లోని మా అపార్టుమెంటు వాళ్లందరం బాల్కనీల్లోని పూలతీగలను మూడో అంతస్తు మెట్ల మలుపులో, వేడి గొట్టాలు లేని కిటికీ దగ్గర చేర్చేవాళ్లం. అక్కడి చల్లదనానికి అవి ఆకులు రాల్చి, మే దాకా నిద్రపోతాయి. వాటికి కాపలాదారు ఆర్వో. ఎవరూ నియమించలేదు.

కింది ఇంటి పిర్కో జాలిపడి చెంబుతో నీళ్లు తెస్తే, “నిద్రపోయేవాడి నోట్లో కాఫీ పోస్తావా నువ్వు? పో కిందికి!” అని తరిమేవాడు.

మా పై అంతస్తు ముసలావిడ హెల్వీకి తుంటి విరిగి ఒక శరదృతువులో ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. తన కాగితంపూల తీగను అతనికే అప్పగించింది. అది చనిపోయిన ఆమె భర్త పెంచింది. ఆయన మంచు మీద జారేటప్పుడు పట్టుకునే తన పాత వెదురు స్కీ కర్రనే దానికి ఊతంగా పెట్టాడు. ఏళ్ల తరబడి చుట్టుకుని కాండం ఆ కర్రను కరుచుకుపోయింది.

“నువ్వే చూడాలి ఆర్వో. ఆయనది ఇదొక్కటే మిగిలింది.”

“నా దగ్గర ఒక్కటైనా చచ్చిందా? అడుగు ఎవర్నైనా.”

జనవరిలో ఒక శుక్రవారం, నేలమాళిగలో ఆవిరిస్నానం చేసి, ఒళ్లంతా పొగలు కక్కుతూ పైకొచ్చాడు. మలుపులో కిటికీ తెరిచి, తువ్వాలుతోనే నిలబడి బీరు తాగుతూ చల్లబడ్డాడు. మేమందరం చేసేదే. మూయడం మరిచిపోయి వెళ్లి పడుకున్నాడు. బయట సున్నాకి ముప్పై డిగ్రీల కింద చలి. తెల్లారేసరికి కిటికీకి ఎదురుగా ఉన్న హెల్వీ తీగ నల్లబడింది. తక్కినవి గోడ చాటున బతికాయి.

ఆ తర్వాత రోజూ గోటితో బెరడు గీకి చూసేవాడు. పచ్చదనం కనబడలేదు. మంచు కరిగేలోపు ఒకరోజు మంచు మీద తోసుకెళ్లే స్లెడ్జి బండి మీద దుప్పటి కప్పి ఏదో తెచ్చాడు.

“ఏంటి ఆర్వో, పెళ్లికూతుర్ని తెచ్చావా?” అంది పిర్కో.

అతని చెవులు ఎర్రబడ్డాయి. దుప్పటి కింద ఉన్నది కొత్త తీగ అని మాకందరికీ తెలుసు. ఎవరం ఏమీ అనలేదు. మా ఊళ్లో దాన్ని మర్యాద అంటారు. నేను పిరికితనం అంటాను.

మేలో అందరం కలిసి పెరడు ఊడ్చి సాసేజీలు కాల్చుకునే రోజున హెల్వీ చేతికర్రతో వచ్చింది. ఆర్వో తీగను కిందికి దించాడు.

“చూశావా హెల్వీ, వీడి చేతిలో పెడితే రాయైనా పూస్తుంది!” అంది పిర్కో.

హెల్వీ వేళ్లు స్కీ కర్ర మీద మెల్లగా పాకాయి. పాత కాండాన్ని ఊడదీసిన చాకు గాట్లు, కొత్త దారం ముడులు తగిలాయి. చెయ్యి ఆగిపోయింది.

“ఇది కట్టి ఉంది, ఆర్వో.”

“కిటికీ... నేనే... జనవరిలో...”

“ఆదివారం ఆదివారం ఫోన్ చేశాను కదయ్యా. నిద్రపోతోందన్నావు.”

అతను చేతిలోని సాసేజీని బల్ల మీద పెట్టేశాడు.

“చచ్చిపోయిందంటే ఏడ్చేదాన్ని. అంతేగా.”

ఆమె దారాలు ఒక్కొక్కటే తెంపింది. ఊతం పోయిన తీగ కుండీ పక్కకు వాలిపోయింది. “ఇది నీ మొక్క. నువ్వే ఉంచుకో.” ఒక చేత చేతికర్ర, ఇంకో చేత స్కీ కర్ర ఊతం చేసుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

మళ్లీ అక్టోబరు వచ్చింది. కుండీలన్నీ మలుపులో చేరాయి. పిర్కో చెంబు తెచ్చి, మలుపు పక్కనే ఉన్న ఆర్వో తలుపు వైపు ఒకసారి చూసింది. తలుపు సందులో అతని కన్ను కనబడింది. ఆమె ఒక్కో కుండీలో నిండుగా నీళ్లు పోసింది. తలుపు మెల్లగా మూసుకుంది.