కడబంతిలో మా అమ్మాయి

వచ్చే ఆదివారం సండే స్కూల్లో పిల్లలకి పాదాలు కడిగిన పాఠం చెప్పాలి. ఏటా చెప్పేదే. ప్రభువు భోజనం దగ్గర్నుంచి లేచి, నడుముకి తువ్వాలు కట్టుకుని, పళ్ళెంలో నీళ్ళు పోసి శిష్యుల పాదాలు కడిగాడు, పెద్దవాడంటే అందరికీ పనిచేసేవాడని నేర్పాడు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఈసారి మాత్రం చేతకావడం లేదు. పుస్తకం తీస్తాను, మూస్తాను, లేచి వెళ్ళి ఆరిన బట్టలు మడతపెడతాను, మళ్ళీ వచ్చి పుస్తకం తీస్తాను. ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. "అంత ఇదైపోతుంటే ఈసారికి ఇంకెవరినైనా చెప్పమనరాదా" అన్నారు మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా. అనడానికేం, తేలికే.

మే నెలలో కొల్లేరు వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి నా బతుకు ఇలా తయారైంది.

మాది తాడేపల్లిగూడెం, నా పుట్టిల్లు ఏలూరు. వారమంతా ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను, ఆదివారం మందిరంలో వాక్యం చెబుతాను. రెండుచోట్లా పిల్లలు నన్ను చూస్తే నోరు మూసుకుంటారు. ముక్కు మీద కోపం నాకు, ఒప్పుకుంటాను. ప్రతి వేసవి సెలవుల్లో మా సంఘం తరఫున కొల్లేరులో ఒక లంక గ్రామానికి వెళ్ళి పిల్లలకి వీబీఎస్, అదే సెలవుల బైబిలు బడి, పెడతాం. పాటలు, కథలు, ఆటలు, కంఠత వాక్యాలు, ఆఖరి రోజున అందరికీ ప్రేమవిందు. మా పిల్లల్లో కాస్త పెద్దవాళ్ళని లీడర్లని పేరుపెట్టి వెంట తీసుకెళ్తాం.

కిందటేడు ఆ లీడర్లు చేసిన పని చూసి నాకు తల కొట్టేసినట్టయింది. ఊరి పిల్లలు బరకం మీద బాసింపట్లు వేసుకుని కూర్చుంటే, మా వాళ్ళు కుర్చీలు లాక్కుని, ముందుగా పళ్ళేలు పట్టుకుని, కోడికూర గిన్నెలో లెగ్ పీసులు ఏరుకుంటున్నారు. ఇదేం పనిరా అంటే "మేం లీడర్లం కదండీ" అన్నాడు ఒకడు, ఎంతో మర్యాదగా. ఒళ్ళు మండిపోయింది. తిరుగు ప్రయాణంలో వ్యానులో ఏలూరు వచ్చేదాకా వాయించాను. పాపం, ఆ డ్రైవరు కూడా భయపడి పాటలు ఆపేశాడు.

అందుకని ఈ ఏడు బజారుకెళ్ళి తువ్వాళ్ళు కొనుక్కొచ్చాను. పిల్లలందర్నీ నిలబెట్టి చెప్పాను. "లీడరు కావాలనుకున్నవాళ్ళు ఈ తువ్వాలు నడుముకి కట్టుకోవాలి. కట్టుకున్నవాళ్ళు చిన్నపిల్లల చెప్పులు వరసగా సర్దాలి, వాళ్ళకి చేతులు కడగాలి, వడ్డించాలి. ఆఖరి పిల్లాడు తిని లేచేదాకా లీడరు మెతుకు ముట్టకూడదు. కడబంతి మనది." పాస్టరుగారికి అది ఎంత నచ్చిందో, ప్రసంగంలో కూడా చెప్పారు. "మీ బుర్రే బుర్రండీ" అన్నారు పాస్టరమ్మగారు. నేను ఉబ్బిపోయాను.

ఇక్కడ మా అమ్మాయి సంగతి చెప్పాలి. ఒక్కతే కూతురు, ఇప్పుడు తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. దానికి షుగరు. ఆరో తరగతిలో ఉండగా ఉన్నట్టుండి చిక్కిపోయి, మంచినీళ్ళ బిందె దగ్గరే కాపురం పెడితే ఏలూరు తీసుకెళ్ళాం. ఇక జీవితాంతం ఇన్సులిన్ తప్పదన్నారు డాక్టరుగారు. అప్పట్నుంచి ప్రతి భోజనానికి ముందూ సూది. సూది వేసుకున్నాక వెంటనే తినాలి. తినకపోతే షుగరు పడిపోయి చెమటలు, వణుకు, ఆపైన స్పృహ తప్పడం. మా ఇంట్లో అందరికీ తెలిసిన లెక్క ఇది. బయట మాత్రం ఎవరికీ తెలియదు. చెప్పొద్దని అదే ఒట్టు వేయించుకుంది. చుట్టాల్లో ఒకావిడ "అయ్యో, ఇంత చిన్నపిల్లకి షుగరేంటండీ, రేపు పెళ్ళెలా అవుద్ది" అని దాని మొహం మీదే అనేసింది లెండి. ఆ రోజునుంచి అది సూది పెన్ను రుమాల్లో చుట్టి దాచుకుంటుంది.

కొల్లేరు వెళ్ళే ముందు దాన్ని వంటింట్లోకి పిలిచి, "నువ్వు తువ్వాలు కట్టుకోవద్దులే, నా పక్కనే పాటలు పాడుదువుగాని" అన్నాను.

"ఏం, షుగరున్నవాళ్ళు లీడర్లు కాకూడదా?" అంది.

నేనే కట్టాను తువ్వాలు. కట్టి, "ఆ కడబంతి రూలు నీకు లేదు. సూదేసుకోగానే ఎవరేమన్నా సరే తినెయ్యి" అని చెప్పాను. బుద్ధిగా తలూపింది. నా పిచ్చి కాకపోతే, అందరి ముందూ ఒక రూలు పెట్టి, వంటింట్లో ఒక్కదానికి రహస్యంగా సడలిస్తే ఏ పిల్ల వింటుంది?

ఆఖరి రోజు ఎండ మండిపోతోంది. వ్యాను ఏలూరు దాటి చేపల చెరువుల గట్లెక్కింది. దారి పొడవునా మేత బస్తాలు, చెరువు మీద తెల్లగా పక్షులు, ఆ నీచువాసన. రేకుల మందిరంలో ఫ్యాను తిరుగుతున్నా గాలి లేదు. ఊళ్ళో ఆడవాళ్ళు పొద్దున్నుంచీ పొయ్యిల దగ్గరే ఉండి అన్నం, కోడికూర, పప్పుచారు వండారు. పిల్లలు కూర్చున్నారు, అన్నం డేగిసా మూత తీశారు. అది చూసి మా అమ్మాయి మందిరం వెనక్కి వెళ్ళి సూదేసుకుని వచ్చింది. ఇదంతా తర్వాత అది చెబితే తెలిసింది.

సరిగ్గా అప్పుడే పక్క చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్ళ పిల్లలు గుంపుగా వచ్చారు. రావద్దంటామా. అన్నం చాలదని ఇంకో ఎసరు పెట్టారు. మా అమ్మాయి అప్పటికే పళ్ళెంలో అన్నం పెట్టించుకుని ఓ పక్కన నిలబడిందట. చుట్టూ చూస్తే తువ్వాలు కట్టుకున్నవాళ్ళెవరి చేతిలోనూ పళ్ళెం లేదు. ఎదురుగా ఒక బుల్లి పిల్ల, ముక్కు కారుతూ, దాని పళ్ళెం వంకే చూస్తోందట. ఇచ్చేసింది. షుగరు పడిపోతే పనికొస్తుందని సంచిలో నేను పెట్టిన బిస్కెట్ల ప్యాకెట్టు పొద్దున్నే ఇంకెవరో ఏడుస్తుంటే ఇచ్చేసిందట. ఇక పప్పుచారు బకెట్టు అందుకుంది.

నేను చూసింది ఇంతే. మా అమ్మాయి వంగి వంగి ఒక్కొక్కరికీ వడ్డిస్తోంది. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయింది. నా గుండె నిండిపోయింది. పాస్టరమ్మగారి మోచెయ్యి పట్టుకుని చూపించాను. "చూశారాండీ, మా అమ్మాయి" అన్నాను. పిల్లకి చెమటలు పడుతున్నాయి, నేనేమో చూసి మురిసిపోతున్నాను. అన్నీ తెలిసిన తల్లిని నేను.

బకెట్టు దాని చేతిలోంచి జారింది. పప్పుచారు బరకం మీద పారింది, పిల్లలు కేకలేస్తూ లేచారు. మీరు నమ్మరు, నేను ముందు తిట్టాను. "చూసుకోవక్కర్లా!" అని గట్టిగా అరిచాను. అది నా వైపు తిరిగి, నేనెవరో తెలియనట్టు చూసింది.

"టీచరుగారండీ, పాప తూలిపోతందండీ" అంది పొయ్యి దగ్గరున్న ఆవిడ.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. సంచి బోర్లించాను, బిస్కెట్లు లేవు. "పంచదార, పంచదార" అని అరుస్తున్నాను. ఆ ఊరి ఆవిడే ఇంట్లోకి పరిగెత్తి డబ్బాతో పంచదార, గ్లాసుతో నీళ్ళు పట్టుకొచ్చింది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని కొద్దికొద్దిగా తాగించాను. సగం గౌను మీద పోయింది, సగం లోపలికి పోయింది. చుట్టూ పిల్లలు మూగారు. కాసేపటికి అది "అమ్మా" అంది. దాని జబ్బు ఇక రహస్యం కాదని అప్పుడు తట్టనే లేదు నాకు. మిగిలిన పంచదార నీళ్ళు కూడా తాగించి, వ్యానెక్కించి ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

భయం లేదని డాక్టరుగారు చెప్పేదాకా ఏడుస్తూ ఉన్నదాన్ని, చెప్పగానే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"నీకు రూలు లేదని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"మరి? ప్రాణం మీదికి తెచ్చుకోమని ఏ దేవుడు చెప్పాడే నీకు?"

అది దుప్పటి అంచు నలిపింది. తర్వాత మెల్లిగా, "నువ్వెప్పుడైనా ముందు తిన్నావా అమ్మా?" అంది.

"నా సంగతి వేరు."

"ఏం వేరు? పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుంటావు. నాన్నకీ నాకూ బాక్సులు కట్టి, నానమ్మకి పెట్టి, స్కూలుకి పరిగెడతావు. ఏమీ తినవు. కళ్ళు తిరిగితే గోడ పట్టుకుంటావు. నేను చూడలేదనుకుంటావు. ఎవరైనా తిన్నారా అంటే, అందరికీ అయ్యాక తింటానండీ అని నవ్వుతావు. అది మంచిదనే కదా నేనూ చేశాను."

మందిరంలో నేను నేర్పని పాఠం లేదు, చెప్పని కథ లేదు. ఆ పిల్ల నేర్చుకున్నది సండే స్కూల్లో కాదన్నమాట. నీళ్ళు తెస్తానని లేచి వరండాలోకి వెళ్ళిపోయాను.

అప్పట్నుంచి నాకు ఒకచోట నిలకడ లేదు. పిల్లలకి ఏం చెప్పాలి? ముందు మీ సంగతి చూసుకోండి అని చెప్పాలా? అది ఒకరు నేర్పక్కర్లేదు, లెగ్ పీసుల సంగతి చూశాను కదా. ముందు ఎదుటివాళ్ళ సంగతి చూడండి అంటే, పదిమందీ విని వదిలేస్తారు, ఒక్కతి మాత్రం నూటికి నూరుపాళ్ళూ వింటుంది. "సేవ చేయడానికి బలం కావాలని చెప్పండమ్మా, సరిపోద్ది" అన్నారు పాస్టరమ్మగారు. మంచి మాటే. కానీ బలం కోసం తినే తిండి ఎవరికి కనబడుతుంది? పాదాలు కడిగిన కథలో ఒక శిష్యుడు నా పాదాలు నువ్వు కడగడమేంటి ప్రభూ, వద్దంటే వద్దని భీష్మించుకుంటాడు. ఆ ముక్క వచ్చినప్పుడు పిల్లలు నవ్వుతారు, నేను గబగబా దాటేస్తాను. ఈసారి పుస్తకం తీసినప్పుడల్లా కళ్ళు అక్కడే ఆగిపోతున్నాయి. ఆ శిష్యుడు చేయించుకోనన్నందుకు ప్రభువు మెచ్చుకోలేదు.

ఇంట్లో ఇంకో గొడవ మొదలైంది. ఆసుపత్రి నుంచి వచ్చాక మా అమ్మాయి నేను కూర్చుంటే గాని తినడం లేదు. అలగడం, అరవడం ఏమీ లేదు. పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుంటుంది, అంతే. నేనూ తెలివితేటలు చూపించాను. పళ్ళెంలో నాలుగు మెతుకులు వేసుకుని కూర్చున్నట్టు కూర్చుని, అది మొదలెట్టగానే లేచిపోయేదాన్ని. అది కూడా చెయ్యి ఆపేసేది.

కిందటి ఆదివారం మందిరం అయ్యాక మా ఆడపడుచు, వాళ్ళాయన భోజనానికి వచ్చారు. బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. మా అమ్మాయి లోపలికెళ్ళి సూదేసుకుని వచ్చి కూర్చుంది. నేను గిన్నెలు మోస్తూ తిరుగుతున్నాను. పప్పు, వంకాయ కూర, అప్పడాలు, అన్నయ్యగారికి నెయ్యి.

"తినవే" అన్నాను. తినలేదు.

"నువ్వు మొదలెట్టు, నేనొచ్చేస్తున్నాను." నా వంక చూసింది, పళ్ళెం ముట్టుకోలేదు.

"నన్ను చంపుకు తింటున్నావే" అన్నాను పళ్ళు బిగించి.

"ఏంటి వదినా, పిల్లని తిననివ్వు పాపం" అంది ఆడపడుచు, సంగతి తెలియక.

గడియారం చూశాను. చేతిలో చారు గిన్నె ఉంది. దాన్ని బల్ల మధ్యలో పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పెళ్ళయ్యాక చుట్టాలుండగా వాళ్ళతో కలిసి కూర్చోవడం నాకు అదే మొదటిసారి. సిగ్గేసింది. మా అత్తయ్యగారు చెయ్యి ఆపి, "అదేంటమ్మాయ్, అల్లుడుగారికి పెరుగెయ్యకుండానే?" అన్నారు. మా ఆయన లేచి ఫ్రిజ్ తీశారు. పెరుగు గిన్నె ఎక్కడుంటుందో ఆయనకేం తెలుసు, పై అర వెతుకుతున్నారు. అది కింది అరలో ఉంది. లేవబోయి నన్ను నేనే ఆపుకున్నాను. కాళ్ళు రెండూ వంటింటి వైపే లాగుతున్నాయి.

అన్నం కలిపాను. మా అమ్మాయి కూడా కలిపి, ముద్ద చేసి, చేతిలోనే పట్టుకుంది. దాని పైపెదవి మీద సన్నగా చెమట పడుతోంది. అయినా ఆ ముద్ద నోటి దాకా వెళ్ళలేదు. నా చేతి వంకే చూస్తోంది.

నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు అది పెట్టుకుంది. నేను గబగబా నమిలి ఇంకోటి పెట్టుకున్నాను.