వంతెన పక్క ఇల్లు

రక్షణ శాఖలో దేశపటాలు గీసే విభాగంలో ఆయన్ని అందరం గీతల మాస్టారనే పిలిచేవాళ్ళం. నా పక్క బల్లే ఆయనది. ముక్కు మీదే కోపం. తన పెన్సిలు వాడుకున్నానని నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు. అయినా పనిలో అంత నికార్సైన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. పొరుగు దేశంలో ఇచ్చారు. అక్కడ రెండేళ్ళుగా వాళ్ళలో వాళ్ళే కొట్టుకు చస్తున్నారు. ఆమె ఉన్న ఊరిని సాయుధులు చుట్టుముట్టారు. వాళ్ళని తరమడానికి మన సైన్యాన్ని పంపాలా, ఇంకా మాట్లాడి చూడాలా అని పైవాళ్ళు వారం వారం తర్జనభర్జన పడేవారు. ప్రతి సమావేశానికీ మేము రెండు పటాలు సిద్ధం చేయాలి. ఒకదానిలో సంధి కుదిరితే ఇరుపక్షాలూ దాటకూడని గీత, రెండోదానిలో సైన్యం వెళ్ళే దారి. ఆ దారి చెల్లెలి ఇంటి పక్క వంతెన మీదుగానే పోయేది. రెండో పటం గీసిన రోజు ఆయన తెచ్చుకున్న భోజనం అలాగే ఇంటికి పోయేది.

ఒకరోజు ఆ ఊరు చూసిన మనిషి కావాలని ఆయన్ని సమావేశంలోకి పిలిచారు. వంతెన దగ్గర యుద్ధం జరిగితే ఏమవుతుందని అడిగారట. నాలుగు వందల ఇళ్ళు నేలమట్టమవుతాయనీ, వాటిలో ఒకటి తన చెల్లెలిదనీ చెప్పాడట. చివరికి చర్చలకు మరో మూడు వారాలు గడువిచ్చారు.

బయటికి రాగానే, కాళ్ళు నేల మీద ఆనని సంబరంతో, నా ఎదుటే చెల్లెలికి ఫోన్ చేశాడు. సైన్యం రాదని, తనే ఆపించానని, ఇక గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపొమ్మని చెప్పాడు.

అవతలి గొంతు నాకూ వినిపించింది.

"ఎందుకు ఆపావన్నయ్యా? వాళ్ళొస్తారనే ఇక్కడ ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నాం. నన్నొక్క మాట అడగాల్సింది."

ఆయన ముఖం పాలిపోయింది. వాగు లోతు కూడా ఇద్దరిని అడిగి గాని రాసుకోని మనిషి, చెల్లెల్ని మాత్రం అడగలేదు. వెంటనే పరుగున లోపలికి వెళ్ళాడు. అప్పటికే నిర్ణయం అయిపోయింది.

పద్దెనిమిదో రోజున సాయుధులు ఊళ్ళోకి చొరబడి ఆ వీధి మొత్తం తగలబెట్టారు. చర్చలు ఇంకా సాగుతూనే ఉన్నాయి. చెల్లెలు, ఇద్దరు పిల్లలు, ఎవరూ మిగల్లేదు.

ఆ కబురు వచ్చిన రోజు నా కుర్చీ ఆయన పక్కకి జరుపుకున్నాను. ఏదో ఒకటి అనాలి కదా అని నోరు జారాను. సైన్యం వెళ్ళినా ఆ ఇల్లు మిగిలేది కాదు మాస్టారూ అన్నాను.

ఆయన తల ఎత్తలేదు.

"మిగలకపోవచ్చు. కానీ నా మాట వల్ల పోయేది కాదు."