ముట్టని రొట్టెలు

సైన్యం నుంచి రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఆగస్టు నెలలో, కృష్ణా వరదల సహాయానికి వెళ్లే దళంతో నన్ను రేపల్లె పంపారు. తెనాలిలో రైలు దిగి లారీల్లో వెళ్లాం. ముప్పై మంది జవాన్లు, వాళ్ల మీద ఒక కుర్ర కెప్టెన్. సుబేదారుగా నేను ఆయన కింద, జవాన్ల పైన. మాది వేమూరు. దళం మొత్తానికి తెలుగొచ్చినవాణ్ని నేనొక్కణ్నే.

బస ఒక బడిలో. వరద బాధితుల తిండి ముట్టకూడదని మొదటి రోజే ఉత్తర్వు చదివి వినిపించాం. రెండో రోజు మధ్యాహ్నం లంకల్లో చిక్కుకున్న జనాన్ని ఎక్కించుకుని జవాన్ల పడవలు తిరిగొచ్చాయి. రొట్టెలు, పప్పు వడ్డించారు. ఒక్కడూ ముట్టలేదు. ఏమైందని కెప్టెన్ అడిగితే ముప్పై మందీ ఉలుకూ పలుకూ లేకుండా నిలబడ్డారు.

బయటివాళ్లకిది చిన్న సంగతి. సైన్యంలో ఒక్కడు అన్నం మానేస్తే అలక. ఇద్దరు కూడబలుక్కుని మానేస్తే తిరుగుబాటు. కోర్టు మార్షలే. తెలిసీ పైకి చెప్పని అధికారికీ అదే గతి. 1946లో బొంబాయి నావికుల తిరుగుబాటు కూడా ఫలహారం ముట్టకపోవడంతోనే మొదలైంది. ఈ చరిత్రంతా మా కెప్టెన్‌ చదువుకున్నవాడే. వైర్‌లెస్ సెట్ తెమ్మని, పైవాళ్లకు పంపాల్సిన సందేశం కాగితం మీద రాశాడు. సందేశం వెళ్లిందంటే ఇక వెనక్కి తీసుకోలేం. పది నిమిషాలు ఆగమని బతిమాలాను.

పడవల్లో వచ్చిన జనం పై గదుల్లో ఉన్నారు. లంకలో ఏం జరిగిందని అడిగాను. ఒక ముసలావిడ తడి చెంగు పిండుకుంటూ, "ఏంటి బాబూ, తిన్నందుకు తిడుతున్నారా? పొద్దుట్నుంచీ నీళ్లలో నానుతున్నారు పిల్లలు. మీరు తింటేగానీ పడవెక్కేది లేదని మేమే మొండికేశామయ్యా. గోంగూరపప్పు వేసి కడుపునిండా పెట్టాం" అంది.

ఆమెను కిందికి తీసుకొచ్చి, ఆమె మాటలు కెప్టెన్‌కు హిందీలో చెప్పాను. అప్పుడు ముందు వరసలోని నాయక్ ర్యాంకు జవాను అడుగు ముందుకేసి, తాను తిన్నానని, శిక్ష తనకు వేయమని అన్నాడు. తర్వాత ఇంకొకడు. ఒక్కొక్కడే తన పేరు చెప్పుకుని వచ్చి నిలబడ్డాడు. పక్కవాడి పేరు ఎత్తినవాడు లేడు. వాడు ఇరుక్కుంటాడనే అంతసేపూ నోరు విప్పలేదట. పాతికేళ్లకు పైగా యూనిఫాం వేసుకున్నాను, అంతటి క్రమశిక్షణ ఎన్నడూ చూడలేదు.

కెప్టెన్ సందేశం రాసిన కాగితం చించేశాడు. ఉత్తర్వు మీరినందుకు శిక్షగా, వడ్డించినదంతా తినమన్నాడు. తిన్నారు పాపం, చెమటలు కక్కుతూ.

ముట్టని పళ్లెం తిరుగుబాటుకు మొదటి గుర్తని శిక్షణలో నేర్పుతారు. అది తప్పని ఇప్పటికీ అనను. కానీ ఆ రోజు ముప్పై మంది బతుకులు పై గదుల్లో అడిగిన ఒక్క ప్రశ్నతో నిలిచాయి. మిగిలిన రెండేళ్ల సర్వీసులో, ముందు కారణం అడగకుండా నేను ఏ జవాను మీదా రిపోర్టు రాయలేదు.