కుడివైపు మూల

1967 ఫిబ్రవరి 21, మంగళవారం నాడు పోర్ట్ బ్లెయిర్‌లోని హాడోలో, కొత్తగా కడుతున్న ప్రభుత్వ క్వార్టర్లలో, గిలాబా పనికి ట్రేడ్ టెస్టు పెట్టారు. గిలాబా అంటే గోడకు సిమెంటు పూత. అంతవరకూ ఆ గోడలకే సిమెంటు మాలు మోసిన నేను ఆ రోజు తాపీ పట్టుకుని పరీక్షకు నిలబడ్డాను. అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా మేస్త్రీగా పనిచేసి రిటైరయ్యాను. ఆ వయసులో తాపీ పని ఎలా వచ్చిందని చాలామంది అడిగారు గనక రాస్తున్నాను.

మా డిపార్టుమెంటులో అందరికన్నా కింద మజ్దూరు, అంటే కూలీ. ఆ పైన సెకండ్ క్లాస్ మేస్త్రీ, ఆ పైన ఫస్ట్ క్లాస్. మజ్దూరు మేస్త్రీ కావాలంటే ట్రేడ్ టెస్టు ఒక్కటే దారి. మజ్దూర్లలో ఆడవాళ్ళకు రెండే పనులు ఉండేవి. గమేళాతో, అంటే ఇనపతట్టతో, మాలు అందించడం, పూసిన గోడలను వారం పాటు తడపడం. నేను 1952లో ఓడ దిగిన నెల నుంచి గమేళాయే మోశాను. తలమీద గమేళా, దాన్ని పట్టుకుని పైకెత్తిన కుడిచెయ్యి. పద్నాలుగేళ్ళు అలా ఎత్తి ఉంచిన చెయ్యి 1966 వానల్లో మొరాయించింది. తలమీద బరువు మానేయకపోతే మెడ కూడా పోతుందని ఆస్పత్రి డాక్టరు చెప్పాడు. గోడలు తడిపే పనిలో నాకన్నా పెద్దవాళ్ళు ఉన్నారు. వాళ్ళను లేపి నన్ను పెట్టమనలేను. నొప్పితోనే మోస్తూ వచ్చాను.

మా ఆయన డేనియల్ ఫస్ట్ క్లాస్ మేస్త్రీ. అంతకు ముందు ఏడాది తుష్నాబాద్‌లో పరంజా మీద నుంచి జారి పడ్డాడు. కుడిచెయ్యి గుండెల పైకి లేవదు, పని పోయింది. ఇక నాకూ పని పోతే మేము కళింగపట్నం వైపు తిరుగు ఓడ ఎక్కవలసిందే. అక్కడ మాకు ఇల్లు లేదు, ఎదురుచూసే మనిషీ లేడు. ఒక ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక ఆయన తన తాపీకి పట్టిన తుప్పు గీకి నా ముందు పెట్టాడు.

"ఒలే కరుణా, రేపట్నించి ఎనక గోడ నీది," అన్నాడు.

బతు బస్తీలో మా ఇంటి వెనక గోడ అది. సిమెంటు మాకెక్కడిది? పని దిగి వచ్చాక బంకమన్నూ ఇసకా కలిపి పూసేదాన్ని. పొద్దుగూకే వేళకు మొత్తం గీకి, నానబెట్టి, మర్నాడు మళ్ళీ అదే పూసేదాన్ని. ఇసక సముద్రానిదే. ఈ దీవుల్లో మాకు దొరికేది అదే. తెచ్చిన ఇసకను గుట్టపోసి ఒక వానాకాలమంతా వదిలేస్తే ఉప్పు దిగిపోతుంది. దిగిందో లేదో చిటికెడు నాలుక మీద వేసుకుని చూడాలి. ఆయన ముందు తన నాలుక మీద వేసుకుని, తర్వాత నా అరచేతిలో పెట్టేవాడు. ఉప్పు ఉంటే నా మొహం చూసి నవ్వేవాడు.

ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని చెప్పేవాడు. చెప్పి చెప్పి విసిగితే లేచి, తాపీ తీసుకుని, తనకు పనిచేసే చేత్తో చేసి చూపించేవాడు.

"మాలు గోడకి పెట్టకే, ఇసురు. పెడితే అంటుకుంటాది, ఇసిరితే దిగుద్ది. బుజంతో కాదు, మణికట్టుతో."

"నా మణికట్టు గరిటె తిప్పిన మణికట్టు. ఇంతే తిరుగుద్ది."

"పులుసు బాగానే తిప్పుతావు కదా. గోడా పులుసే అనుకో."

మొదట మాలు గోడ మీద కన్నా నా కాళ్ళ మీదే ఎక్కువ పడింది. వానలు వెనకబట్టే సరికి నిలవడం మొదలుపెట్టింది. గోడ మీద అక్కడక్కడా అరచేయంత ముద్దలు పెట్టి, తూకపు గుండు వేలాడదీసి వాటిని ఒక్క మట్టానికి తేవడం నేర్చుకున్నాను. వాటి మధ్య మాలు నింపి బద్దతో లాగడం, నునుపు చేసే చెక్క గుర్మాలాతో గుండ్రంగా రుద్దడం ఆ తర్వాత వచ్చాయి. క్రిస్మస్ నాటికి ఆయన పీట మీద నుంచి లేవడం తగ్గింది. నా పని కుదురుతోందని నాకు తెలిసింది అలాగే.

పరీక్షకు వారం ముందు కూర్మయ్య వచ్చాడు. మా ఆయనతో కలిసి పనిచేసిన మేస్త్రీ, మా పక్క వీధి. గుమ్మం దగ్గర నిలబడి కాసేపు నా పని చూశాడు. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు.

"ఏటన్నయ్యా, నీ చెయ్యి ఊడదీసి వదినకి తగిలించినావేటి?"

అప్పుడు చూసుకున్నాను. తాపీ నా ఎడమచేతిలో ఉంది. అన్నం తినేదీ, కూర తరిగేదీ కుడిచేత్తోనే. కానీ ఆయన ఎడమచేత్తో చూపించాడు, నేను ఎడమచేత్తో పట్టాను. నా కుడిభుజం నొప్పి కూడా అందుకు తోడైంది. ఏడు నెలల్లో నాకు గానీ ఆయనకు గానీ అది తప్పుగా కనిపించలేదు.

కూర్మయ్య నవ్వు ఆపి నిజం చెప్పాడు. పరంజా మీద మేస్త్రీలు వరసగా నిలబడి ఒకే వైపు కదులుతారు. ఎడమచెయ్యివాడు మధ్యలో ఉంటే పక్కవాడి మోచెయ్యి తగులుతుంది. అందుకని పెద్ద మేస్త్రీలు అలాంటివాళ్ళను రానివ్వరు. పరీక్ష పెట్టే ఇంజినీరు ఏమంటాడో తెలియదు.

అతను వెళ్ళాక మా ఆయన తాపీ నా కుడిచేతిలో పెట్టాడు. విసిరాను. మాలు సగం కిందపడింది. రెండోసారి భుజం పట్టేసింది.

"నీకు నా అవిటితనం నేర్పినాను కదే," అన్నాడు.

"నిలబడిన గోడ చూసి మాటాడు," అన్నాను. తాపీ మళ్ళీ ఎడమచేతిలోకి మార్చుకుని మిగిలిన గోడ పూర్తి చేశాను. ఆ రోజు దాన్ని గీకనివ్వలేదు ఆయన.

పరీక్షకు ఎనిమిది మందిమి. ఒకే పొడవాటి గది, గోడకు ఎనిమిది భాగాలు. కుడి చివరి భాగం మూలలో ఉంది. ఆ మూల ఎవరికీ ఇష్టం లేదు. కుడిచేత్తో పనిచేసేవాడికి అక్కడ పక్కగోడ మోచేతికి అడ్డం వస్తుంది, తాపీ ఆడదు. మిగిలినవాళ్ళు ముందే తలో భాగం దగ్గరా నిలబడిపోయారు.

"కోనా దీదీకి ఇచ్చెయ్యండి భయ్యా, లేడీస్ ఫస్ట్!" అన్నాడొకడు. కోనా అంటే హిందీలో మూల. అందరూ నవ్వారు.

నేను గోడ తడిపి తాపీ తీశాను. నవ్వు ఒకసారి ఆగి మళ్ళీ పెద్దదయింది. "అరే, ఉల్టా హాథ్!" అన్నారు. ఎడమచేతిని అక్కడ అలాగే అంటారు. మొదటి ముద్ద విసిరాను. మోచెయ్యికి ఏదీ తగల్లేదు. పక్కగోడ నా కుడివైపు ఉంది, తాపీ ఎడమవైపు ఆడుతోంది. మా ఇంటి వెనక కొండవాలుకూ గోడకూ మధ్య ఉన్న సందు కన్నా అక్కడే ఎక్కువ చోటుంది. ఆ తర్వాత ఎవరేమన్నారో నేను వినలేదు.

ఇంజినీరుగారు మధ్యాహ్నం వచ్చారు. మలయాళీ మనిషి, తక్కువ మాటలు. ప్రతి భాగం మీదా బద్ద ఆనించి కింద వెలుతురు కనిపిస్తోందా అని చూశారు. తాపీ పిడితో తట్టి లోపల డొల్ల మోగుతోందా అని విన్నారు. నా దగ్గర మూలమట్టం పెట్టి పైనుంచి కింద దాకా జార్చారు. ఎక్కడా ఊగలేదు. ఏ చేత్తో చేశానో ఆయన అడగలేదు. ఇలాంటి మూలలు ఈ బ్లాకులో ఇంకా ఉన్నాయి, చేస్తావా అని మాత్రం అడిగారు. చేస్తానన్నాను.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పాసయ్యావా అని అడగలేదు.

"ఏ బాగం ఇచ్చారు?"

"కుడి మూల."

గోడవైపు తిరిగి, తాపీ ఉన్నట్టు ఎడమచెయ్యి ఒకసారి ఆడించి చూశాడు. అర్థమయ్యాక కళ్ళు తుడుచుకోవడానికి కుడిచెయ్యి ఎత్తబోయి, ఎడమచేత్తో తుడుచుకున్నాడు.

నన్ను కూర్మయ్యకు జతగా వేశారు. గది ఎడమ మూల నుంచి అతనూ, కుడి మూల నుంచి నేనూ మొదలుపెట్టి మధ్యలో కలిసేవాళ్ళం. మధ్యలో మిగిలిన మూరెడు ఎవరో ఒకరమే పూసేవాళ్ళం గనక మోచేతులు తగిలే గొడవే లేదు. సాయంత్రం కిటికీ వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు చూస్తే, గోడ మధ్యలో అతని గుర్మాలా చారలు ఒక వైపూ నావి ఇంకో వైపూ తిరిగి ఉంటాయి. సున్నం కొట్టాక కనిపించవు.

నేర్పేవాళ్ళు తమ దగ్గర ఉన్నదే ఇవ్వగలరు. ఆ ఏడు డేనియల్ దగ్గర ఉన్నది ఎడమచెయ్యి ఒక్కటే. నాకు అది సరిపోయింది.